1.1 అంటే మామూలేనా? హెపటైటిస్ బి మాత్ర వెనక లెక్కలు

శాంతిపురం నుంచి కుప్పం వచ్చి రక్తపరీక్ష చేయించుకున్న ఒక తల్లీకొడుకులను ఊహించుకుందాం. ఆమెకు 62 ఏళ్ళు, బరువు 45 కిలోలు. అతనికి 30 ఏళ్ళు, 65 కిలోలు. ఇద్దరికీ హెపటైటిస్ బి ఉంది. ఇద్దరికీ మాత్ర మొదలుపెట్టాల్సిన అవసరం వచ్చింది. ఇద్దరి రిపోర్టుల్లోనూ సీరం క్రియాటినిన్ 1.1. పక్కన అచ్చేసిన మామూలు హద్దు 0.6 నుంచి 1.2 దాకా. ఆ కాగితాలు చూసినవాళ్ళు ఇద్దరి కిడ్నీలూ ఒకేలా పనిచేస్తున్నాయనే అంటారు.

కానీ చేయడం లేదు. 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు ప్రకటించిన ఒక సూత్రం ఇప్పటికీ మందుల మోతాదు నిర్ణయించడానికి వాడుకలో ఉంది. 140 లోంచి వయసు తీసేయాలి. మిగిలినదాన్ని బరువుతో గుణించాలి. వచ్చినదాన్ని క్రియాటినిన్‌కు 72 రెట్లతో భాగించాలి. ఆడవాళ్ళయితే చివర 0.85తో గుణించాలి. కొడుకు లెక్క: 110 ఇంటూ 65, అంటే 7150. దాన్ని 79.2తో భాగిస్తే 90. తల్లి లెక్క: 78 ఇంటూ 45, అంటే 3510. 79.2తో భాగిస్తే 44, దాన్ని 0.85తో గుణిస్తే 37 చిల్లర. నిమిషానికి కిడ్నీలు ఎన్ని మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయో చెప్పే అంకె ఇది. రిపోర్టులో ఇద్దరిదీ 1.1 అయినా తల్లి కిడ్నీలు కొడుకు కిడ్నీల్లో సగం పని కూడా చేయడం లేదు.

కారణం తేలికే. క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టే వ్యర్థం. కండ కరిగిపోయిన పెద్దావిడ ఒంట్లో అది తయారయ్యేదే తక్కువ. అందుకే కిడ్నీ వెనకబడినా రక్తంలో దాని అంకె హద్దు దాటదు.

ఇప్పుడు మందు సంగతి. హెపటైటిస్ బికి మన దగ్గర ఎక్కువగా రాసే టెనోఫోవిర్ డిసోప్రాక్సిల్ 300 మిల్లీగ్రాముల మాత్ర కిడ్నీల గుండానే బయటికి పోతుంది. పై అంకె 50 లేదా అంతకన్నా ఎక్కువుంటే రోజుకో మాత్ర. 30 నుంచి 49 మధ్య ఉంటే 48 గంటలకు ఒకటి. 10 నుంచి 29 మధ్య ఉంటే 72 నుంచి 96 గంటలకు ఒకటి. అంటే కొడుక్కి రోజూ, తల్లికి రోజు మార్చి రోజు. లేదా ఆమెకు డాక్టరు వేరే మాత్రే ఎంచుకోవచ్చు. ఇదేమీ చూడకుండా ఇద్దరికీ ఒకే చీటీ రాస్తే, కాలేయం కోసం వేసుకున్న మాత్ర ఆమె కిడ్నీని దెబ్బతీయొచ్చు.

ఈ మాత్రలు చెడ్డవని చెప్పడం నా ఉద్దేశం కాదు. దీర్ఘకాలిక జబ్బులకు ఉన్న మందుల్లో ఇంత తేలికగా వాడుకోగలిగినవి, ఇంత బాగా పనిచేసేవి తక్కువ. చిక్కల్లా రెండు చోట్ల వస్తుంది. చూడాల్సిన అంకె చూడకుండా మొదలుపెట్టడం ఒకటి. ఎవరికీ చెప్పకుండా ఆపేయడం రెండోది. రెండోది మరీ ప్రమాదం.

ఏ కామెర్లు?

కామెర్లు అనగానే మన వైపు కళ్ళు పచ్చబడటం, పత్యం, పసరు మందు గుర్తొస్తాయి. అలాంటి కామెర్లు చాలావరకు చెడిన నీటితో, తిండితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌ల వల్ల వస్తాయి. ఎక్కువమందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గిపోతాయి. పసరు మందుకు అంత పేరు రావడానికి ఇదే కారణమని నా అనుమానం.

హెపటైటిస్ బి దారి వేరు. ఇది రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. పెద్దయ్యాక సోకితే నూటికి 95 మందికి పైగా దాన్ని వదిలించుకుంటారు. పుట్టినప్పుడే సోకితే నూటికి 90 మందిలో జీవితాంతం ఉండిపోతుంది. ఏళ్ళ తరబడి ఏ బాధా ఉండదు, కళ్ళు పచ్చబడవు. రక్తదానం చేసినప్పుడో, ఆపరేషన్‌కు ముందో, గర్భిణికి చేసే పరీక్షలోనో హెచ్‌బీఎస్ఏజీ (వైరస్ ఉపరితల యాంటిజెన్) పాజిటివ్ అని బయటపడుతుంది. ఆరు నెలల తర్వాత కూడా అది పాజిటివ్‌గానే ఉంటే దీర్ఘకాలిక హెపటైటిస్ బి అంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 లెక్క ప్రకారం ప్రపంచంలో 25 కోట్ల 40 లక్షల మందికి ఇది ఉంది. మన దేశంలో 2 కోట్ల 98 లక్షల మంది. ఆ ఒక్క ఏడాదే ప్రపంచంలో 11 లక్షల మంది దీనివల్ల చనిపోయారు. ఉన్నవాళ్ళలో తమకు ఉందని తెలిసినవారు నూటికి 13 మంది, మందు వాడుతున్నవారు ముగ్గురు.

మాత్ర ఎవరికి?

పాజిటివ్ వచ్చిన ప్రతివారికీ మాత్ర అక్కర్లేదు. ఈ మాట విని చాలామంది ఇక పరీక్షలే మానేస్తారు. అది తప్పు. ఇవాళ అక్కర్లేని మనిషికి మూడేళ్ళ తర్వాత అవసరం పడొచ్చు.

2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గీత ఎత్తుగా ఉండేది. సిర్రోసిస్ (కాలేయం బాగా గట్టిపడిపోవడం) లేనివారిలో వయసు 30 దాటి, కాలేయ ఎంజైము పెరిగి ఉండి, మిల్లీలీటరు రక్తంలో వైరస్ (వైరల్ లోడ్) 20,000 యూనిట్లు దాటితే చికిత్స అన్నారు. 2024 మార్చిలో ఆ గీతను 2,000కు దించారు. దాంతోపాటు ఎంజైము ఎక్కువగా ఉంటే చాలు. వైరల్ లోడ్ సంగతి పక్కనబెట్టినా, కాలేయం గట్టిపడుతున్న గుర్తులుంటే చికిత్స మొదలుపెట్టొచ్చు. హెచ్‌ఐవీ కూడా ఉన్నవారు, మధుమేహం ఉన్నవారు, ఇంట్లో కాలేయ క్యాన్సర్ చరిత్ర ఉన్నవారు కూడా ఈ జాబితాలో చేరారు.

ఇక్కడ కూడా రిపోర్టులోని 'మామూలు' అన్న మాట మోసం చేయగలదు. మన ల్యాబుల్లో ఈ కాలేయ ఎంజైము, ఎస్‌జీపీటీ, పక్కన 40 దాకా మామూలే అని వేస్తారు. కొత్త మార్గదర్శకాలు పెట్టుకున్న హద్దు మగవారికి 30, ఆడవారికి 19. అంటే 35 వచ్చిన ఆడమనిషి ల్యాబు కాగితం ప్రకారం బాగున్నట్టే, మార్గదర్శకాల ప్రకారం గీత దాటినట్టే.

కాలేయం గట్టిపడుతోందో లేదో అంచనా వేయడానికి ఖరీదైన స్కానే కావాలని లేదు. ఎస్‌జీఓటీ అనే మరో ఎంజైము, ప్లేట్‌లెట్ల అంకెలు ఉంటే చాలు. దీన్ని ఏప్రి స్కోరు అంటారు. మీ ఎస్‌జీఓటీని ల్యాబు హద్దుతో భాగించి, 100తో గుణించి, వేలల్లో చెప్పిన ప్లేట్‌లెట్లతో భాగించాలి. ఎస్‌జీఓటీ 48, హద్దు 40, ప్లేట్‌లెట్లు 1 లక్షా 80 వేలు అనుకోండి. 48ని 40తో భాగిస్తే 1.2. 100తో గుణిస్తే 120. దాన్ని 180తో భాగిస్తే 0.67. 0.5 దాటితే చికిత్స గురించి ఆలోచించాలి. 1 దాటితే సిర్రోసిస్ అనుమానించాలి. 48 చూసి 'కొంచెం ఎక్కువ, పర్లేదు' అని కాగితం మడిచి పెట్టే ఇళ్ళు ఎన్నో ఉంటాయి. ఈ లెక్క డాక్టరును అడగడానికే తప్ప, ఇంట్లో తీర్పు చెప్పుకోడానికి కాదు.

మూడు మాత్రలు, మూడు పద్ధతులు

టెనోఫోవిర్ డిసోప్రాక్సిల్ 300 మిల్లీగ్రాములు తిని వేసుకున్నా, తినక వేసుకున్నా ఫర్వాలేదు. ఎంటెకావిర్ మామూలుగా 0.5 మిల్లీగ్రాములు, ఇది మాత్రం ఖాళీ కడుపుతోనే. తిన్న రెండు గంటల తర్వాత, మళ్ళీ తినడానికి కనీసం రెండు గంటల ముందు. రాత్రి ఎనిమిదికి సంగటి తినేవారు పదిన్నరకు వేసుకుని పడుకుంటే సరిపోతుంది. తెల్లారే కుప్పంలో బెంగళూరు రైలెక్కే కూలీలకు, ఉద్యోగులకు రాత్రి వేళే సుఖం. టెనోఫోవిర్ అలాఫెనమైడ్ 25 మిల్లీగ్రాములు భోజనంతో వేసుకోవాలి.

300 ఎక్కడ, 25 ఎక్కడ అనిపిస్తుంది. 25 అంటే పవరు తక్కువని కాదు. ఈ మందు కాలేయ కణంలోకి చేరాక విడుదలయ్యేలా తయారైంది. అందుకే రక్తంలో తిరిగే టెనోఫోవిర్ పాత మాత్రతో పోలిస్తే 89 శాతం తక్కువ. కిడ్నీకి, ఎముకకు ఆ మేరకు భారం తగ్గుతుంది. మొదట చెప్పిన కిడ్నీ లెక్కలో 15 దాకా పడిపోయినవారికి కూడా మోతాదు మార్చకుండా ఇవ్వొచ్చు. రెండు రకాల టెనోఫోవిర్ ఒకేసారి వేసుకోకూడదు. హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ కేంద్రంలో ఇచ్చే మాత్రలో టెనోఫోవిర్ చాలావరకు ముందే కలిసి ఉంటుంది. అలాంటివారు కాలేయానికని మెడికల్ షాపులో ఇంకొకటి కొంటే మోతాదు రెట్టింపవుతుంది. స్ట్రిప్ మీద కంపెనీ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చూడాలి.

దీనికి తిరగబడిన ప్రమాదం కూడా ఉంది. తనకు హెచ్‌ఐవీ ఉన్నట్టు తెలియని మనిషి హెపటైటిస్ బి మాత్ర ఒక్కటే వేసుకుంటే హెచ్‌ఐవీ వైరస్ ఆ మందుకు లొంగకుండా మారిపోతుంది. అందుకే మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి. డాక్టరు ఆ పరీక్ష రాస్తే అవమానంగా తీసుకోవద్దు.

పాత చీటీలు పారేయొద్దు. ఒకప్పుడు లామివుడిన్ విరివిగా రాసేవారు. అయిదేళ్ళు వాడేసరికి నూటికి 70 మందిలో వైరస్ దానికి లొంగకుండా పోయింది. కొత్తగా ఎంటెకావిర్ మొదలుపెట్టినవారిలో ఆ సంఖ్య అయిదేళ్ళకు 1.2 శాతమే. కానీ ముందు లామివుడిన్‌కు లొంగని వైరస్ ఉన్నవారిలో అదే ఎంటెకావిర్ అయిదేళ్ళకు సగం మందిలో విఫలమైంది. టెనోఫోవిర్ మీద ఎనిమిదేళ్ళ పాటు సాగిన పరీక్షల్లో లొంగని వైరస్ కనబడలేదు. పదేళ్ళ కిందట ఏ మాత్ర వాడారో ఇవాళ మాత్రను అది నిర్ణయిస్తుంది.

ఆపేస్తే

వైరల్ లోడ్ 'కనబడలేదు' అని రిపోర్టు వస్తుంది. ఇంట్లో అందరికీ సంతోషం. ఇక మాత్ర ఎందుకని అడుగుతారు. ఆ ప్రశ్న సహజమే, జవాబు మాత్రం కటువు. ఈ మాత్రలు వైరస్ కొత్త ప్రతులు తీయకుండా అడ్డుకుంటాయి. కాలేయ కణాల లోపల, కేంద్రకంలో దాగిన అసలు ప్రతి అక్కడే ఉంటుంది. మాత్ర ఆపిన రోజు అది చెర విడిచిన ఖైదీలా లేస్తుంది. హెచ్‌బీఎస్ఏజీ కూడా నెగెటివ్ అయితేనే దాదాపు నయమైనట్టు లెక్క. మాత్రల మీద ఉన్నవారిలో అది ఏడాదికి నూటికి ఒకరికో, అంతకన్నా తక్కువమందికో జరుగుతుంది.

ఆపిన కొన్ని వారాల నుంచి కొన్ని నెలల లోపు వైరస్ తిరిగి పెరగడం ఎక్కువమందిలో జరిగే పనే. కొందరిలో దాంతోపాటు కాలేయం మంట తీవ్రంగా లేస్తుంది. ఎంజైములు వందల్లోకి, వేలల్లోకి పోతాయి. ముందే సిర్రోసిస్ ఉన్నవారిలో కాలేయం పూర్తిగా చేతులెత్తేయొచ్చు, ప్రాణం పోవచ్చు. ఈ మందుల అమెరికా లేబుల్ మీద పెట్టె కట్టి మరీ అచ్చేసిన హెచ్చరిక ఇదే. సిర్రోసిస్ ఉన్నవారు ఆపనే కూడదు. లేనివారికి కొన్ని పరిస్థితుల్లో డాక్టరే ఆపమనొచ్చు, కానీ ఆ తర్వాత నెలల తరబడి పరీక్షలు చేస్తూ కనిపెట్టి ఉంటారు.

వాడుతూ పోతే లాభం ఎంత? 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో అయిదేళ్ళు టెనోఫోవిర్ వాడిన 348 మంది కాలేయం ముక్కను మొదట్లో, చివర్లో తీసి చూశారు. మొదట్లో 96 మందికి సిర్రోసిస్ ఉంది. అయిదేళ్ళ తర్వాత వాళ్ళలో 71 మందికి అది లేదు. సిర్రోసిస్ వచ్చాక వెనక్కి పోదని మనందరం నమ్మాం. నాలుగింట మూడు వంతుల మందిలో పోయింది.

ఆపడం ఎప్పుడూ తెలిసి చేసే పని కాదు. గంగమ్మ జాతరకు ఊరెళ్ళి డబ్బా మరచిపోవడం, బెంగళూరులో పని దొరికి వారం అక్కడే ఉండిపోవడం, చేతిలో డబ్బు లేక 'వచ్చే నెల చూద్దాం' అనుకోవడం, ఇవన్నీ ఆపడమే. నెల డబ్బాలో పది మాత్రలు మిగిలినప్పుడే తర్వాతి నెలవి తెచ్చుకోండి. వేళ తప్పినా, టెనోఫోవిర్ 300 అయితే 12 గంటల లోపు, 25 అయితే 18 గంటల లోపు గుర్తొస్తే వెంటనే వేసుకోవచ్చు. ఆ తర్వాత గుర్తొస్తే వదిలేసి మామూలు వేళకు వేసుకోవాలి. ఏ మాత్రయినా రెండు కలిపి వేసుకోవద్దు.

ఖర్చు భయం కొంత పాతబడిన భయం. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 జూలై 28న మొదలైంది. దాని కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో హెపటైటిస్ బి పరీక్షలు, మందులు ఉచితం. పెద్ద ప్రభుత్వాసుపత్రిలో ఆ కేంద్రం ఎక్కడుందో అడగడం మన హక్కు. వెల్లూరుకో బెంగళూరుకో ప్రయాణ ఖర్చులు పెట్టుకునే ముందు ఈ మాట అడిగి చూడండి.

నేలఉసిరి కథ

మన చేలగట్ల మీద మొలిచే నేలఉసిరికి ఈ జబ్బులో ఒక పెద్ద చరిత్రే ఉంది. 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ఒక ఫలితం ప్రకటించారు. 30 రోజులు నేలఉసిరి పొడి వాడిన 37 మందిలో 22 మందికి వైరస్ గుర్తు పోయింది. ఉత్తి మాత్ర వాడిన 23 మందిలో ఒక్కరికే పోయింది. 59 శాతానికి 4 శాతం. ఆ వ్యాసం రాసినవారిలో హెపటైటిస్ బి వైరస్ ఉపరితల యాంటిజెన్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బరూక్ బ్లంబర్గ్ కూడా ఉన్నారు. ప్రపంచమంతా ఆశపడింది. తర్వాత థాయిలాండ్‌లో, న్యూజిలాండ్‌లో ఇదే పరీక్ష చేస్తే ఫలితం రాలేదు. కాబట్టి నేలఉసిరిని ఎగతాళి చేయాల్సిన పని లేదు; దాన్ని నిజాయితీగా పరీక్షించారు, అది నిలబడలేదు. దాన్ని నమ్మి మాత్ర ఆపేస్తే పైన చెప్పిన ప్రమాదమే.

పేరు తెలియని చూర్ణాలు, భస్మాలు ఇంకా కష్టం. అందులో ఏముందో తెలియక కాలేయమో కిడ్నీయో దెబ్బతింటే, డాక్టరు ఆ తప్పును హెపటైటిస్ మాత్ర మీద వేస్తాడు.

కిడ్నీకి తిరిగి వద్దాం

మొదలుపెట్టే ముందు క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూడాలి. తర్వాత కనీసం ఏడాదికి ఒకసారి, మధుమేహం, రక్తపోటు ఉన్నవారికి, వయసు మీదపడినవారికి మరింత తరచుగా. ఎప్పుడు వెళ్ళినా బరువు కూడా చెప్పండి, అది లేకుండా లెక్క రాదు.

నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఒళ్ళు నొప్పుల మాత్ర. టమాటా తోటల్లో, మల్బరీ తోటల్లో వంగి పనిచేసేవారు సాయంత్రం షాపులో డైక్లోఫెనాక్ అడిగి వేసుకోవడం మామూలు. టెనోఫోవిర్ 300తో పాటు ఈ రకం నొప్పి మాత్రలు ఎక్కువ మోతాదులో, రోజుల తరబడి పడితే కిడ్నీ హఠాత్తుగా దెబ్బతిన్న ఉదంతాలున్నాయి. షాపతనికి మీరు చెప్పకపోతే తెలిసే దారి లేదు.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియం పుణ్యమా అని క్షయ గురించి ఈ ప్రాంతానికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. క్షయ మందుల్లో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయాన్ని ఇబ్బంది పెట్టగలవు. హెపటైటిస్ బి ఉన్నవారిలో ఆ ముప్పు ఎక్కువ. పైగా రిఫాంపిసిన్ వాడుతుండగా టెనోఫోవిర్ అలాఫెనమైడ్ వాడకూడదు, దాని బలం తగ్గిపోతుంది. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్‌తో కూడా అంతే. క్యాన్సర్ మందులు, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు, హెపటైటిస్ సి మాత్రలు నిద్రపోతున్న బి వైరస్‌ను లేపగలవు. ఏ డాక్టరు దగ్గర కూర్చున్నా ముందు ఈ పాజిటివ్ సంగతి చెప్పాలి.

గర్భిణి విషయంలో సంశయం వద్దు. టెనోఫోవిర్ 300 గర్భంలో వాడదగిన మందే. వైరల్ లోడ్ 2 లక్షలు దాటిన 200 మంది తల్లుల మీద జరిగి 2016లో అచ్చయిన పరీక్షలో, 30–32 వారాల నుంచి మాత్ర ఇచ్చారు. చెప్పినట్టు చివరిదాకా వాడిన తల్లుల బిడ్డల్లో ఒక్కరికీ వైరస్ రాలేదు. మాత్ర లేని వైపు 7 శాతం మందికి వచ్చింది. రెండు వైపులా బిడ్డలకు పుట్టగానే టీకా, ఇమ్యునోగ్లోబులిన్ ఇచ్చారు. మాత్ర వేసుకుంటూ పాలివ్వొచ్చు.

ఒకే కంచంలో తిన్నంత మాత్రాన ఈ వైరస్ అంటుకోదు. రేజరు, టూత్‌బ్రష్, గోళ్ళ కత్తెర మాత్రం విడిగా ఉండాలి. ఎండిన రక్తంలో కూడా ఇది ఏడు రోజులు బతుకుతుంది. పాజిటివ్ వచ్చినవారి భార్యా భర్తలు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరూ పరీక్ష చేయించుకోవాలి. నెగెటివ్ వచ్చినవారికి టీకా ఉంది. దేశంలోనే తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకా 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ నుంచి, వరప్రసాద్ రెడ్డి చేతుల మీదుగా వచ్చింది. అప్పటిదాకా సామాన్యుడికి అందని ఆ టీకా ఇవాళ పిల్లలకు ప్రభుత్వం ఉచితంగా వేస్తోంది. పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు తొలి డోసు పడిందో లేదో ఆసుపత్రి వదిలే ముందు కార్డులో చూసుకోండి. పెద్దలకు మూడు డోసులు: మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది.